రెండో సంచి

డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపాన్ని లోపల ఒక ముసలి ఎద్దు గానుగ తిప్పినట్టు తిప్పుతుందని, ఎద్దుకి ఒంట్లో బాగోలేని రోజునే ఓడలు దారి తప్పుతాయని మా సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన ఒక గుమాస్తాను రెండేళ్లు నమ్మించాను. పాపం ఆయన దసరాకి ఆ ఎద్దు కోసమని ఒక కట్ట పచ్చగడ్డి కూడా కొన్నాడు. గ్రీకు ఓడ కెప్టెన్ నాకు వడ్డించిన సొరచేప కడుపులో మా పెదనాన్న చెప్పు దొరికిందన్న కథ మీద ఇద్దరు పెద్దమనుషులు అది ఎడమ కాలిదా కుడి కాలిదా అని టిఫిను చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. ఇలాంటివి నా ఖాతాలో చాలా ఉన్నాయి. నన్ను అబద్ధాలకోరు అనేవాళ్లు ఉన్నారు. మా బావ మాత్రం ఎప్పుడూ ఆ మాట అనలేదు. "మావోడు కతలు కడతాడు" అనేవాడు, మా ఊళ్లో ఎవరైనా బుట్టలు అల్లుతాడనో వలలు కడతాడనో చెప్పినట్టు, అదీ ఒక చేతిపనే అన్నట్టు.

ఇప్పుడు చెప్పబోయేది కట్టింది కాదు. నమ్మడం మానడం మీ ఇష్టం. నమ్మకపోతే మాత్రం నాకు కొత్తేమీ కాదు.

మా బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కను అప్ప అంటాం. నాకన్నా ఆరేళ్లు పెద్దదైన ఆ అప్పే నన్ను పల్లెలోంచి విశాఖపట్నం తీసుకొచ్చి, పోర్టు క్వార్టర్స్‌లో తన ఇంటి వరండాలో మంచం వేసి, నాకూ పోర్టు ఆఫీసులో ఉద్యోగం దొరికేదాకా తిండి పెట్టింది. బావ పోర్టులో క్రేను నడిపేవాడు. భారీ మనిషి. గంటలకొద్దీ అంత ఎత్తున గదిలో ఒంటరిగా కూర్చుని కిందికి చూస్తూ ఉండేవాడు కాబట్టి కాబోలు, దిగి వచ్చాక పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి ఆయనకి. అందుకు నేనున్నాను. నా కతలకి ఆయనంత మంచి శ్రోత మళ్లీ దొరకలేదు. నవ్వేవాడు, నమ్మేవాడు కాదు. నమ్మకుండా అంత ఇష్టంగా వినడం అందరికీ రాదు.

డెబ్బైల చివర్లో ఆయనకి కడుపునొప్పి మొదలైంది. కుడి వైపు డొక్క కింద పట్టుకుని, అక్కణ్నించి వీపులోకి, భుజంలోకి పాకేది. వేయించిన చేపలు తిన్న రోజు మరీ ఎక్కువ. అందరూ గ్యాసన్నారు. బావ రోజుకి నాలుగు సోడాలు తాగి నాలుగుసార్లు త్రేన్చి, తగ్గిందని మాకు చెప్పేవాడు. తగ్గలేదని మొహం చెప్పేది. ఆఖరికి ఒక డాక్టరు, కడుపులో పుండు ఉందేమో, బేరియం తాగించి ఎక్స్‌రే తీయించమన్నాడు. పట్నంలోనే పాత ఊరనే పేటలో ఒక పెద్దాయన ఎక్స్‌రే క్లినిక్ ఉండేది. ఆయన దగ్గరికి బావని నేనే తీసుకెళ్లాను.

బేరియం అంటే గోడకి కొట్టే సున్నంలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. గ్లాసుడు తాగించి, బల్ల మీద అటూ ఇటూ దొర్లించి ఫోటోలు తీశారు. అన్నీ అయ్యాక బావ వాంతి వస్తోందంటూ, ఆపైన ఇంకోటి కూడా వస్తోందంటూ వెనక దొడ్లోకి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు తడి ఆరిన ఫిల్ము పట్టుకుని బయటికొచ్చారు. అక్కడ నేనొక్కణ్నే ఉన్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ మాటలు విన్న చెవులు లోకంలో రెండే, అవి నావి.

ఆయన ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టారు. నల్లటి దాంట్లో బేరియం పోయిన దారంతా తెల్లగా మెరుస్తోంది. పుండు లేదన్నారు. తరవాత పెన్సిల్ మొనతో ఒక చోట చూపించారు. కడుపు దాటాక చిన్నపేగు మొదలయ్యే చోట, దారికి పక్కగా, ద్రాక్షపండంత తెల్లటి మచ్చ.

ఇది పేగు గోడ బయటికి ఉబ్బి ఏర్పడిన సంచి అన్నారు. చాలామందికి ఉంటుందట, ఉన్నట్టు కూడా తెలియదట. కాని ఇది ఉన్న చోటు మంచిది కాదన్నారు. కాలేయం నుంచి పిత్తం తెచ్చే గొట్టం వచ్చి పేగులో తెరుచుకునేది సరిగ్గా ఆ పక్కనే. తిన్నది ఆ సంచిలో నిలవుండి మురుగుతుంది, పక్కనున్న గొట్టం నోరు సరిగ్గా పనిచేయదు, గొట్టంలోనే రాళ్లు కడతాయి, ఇలాంటి సంచి ఉన్నవాళ్లలో రాళ్లు ఎక్కువగా చూస్తున్నామని చెప్పారు. ఇప్పటి నొప్పి పిత్తాశయంలో రాళ్ల వల్ల అయ్యుండొచ్చు, దానికి వేరే ఫోటో తీయించమన్నారు. పిత్తాశయం తీసేసినా సరే, ఈ సంచి ఇక్కడే ఉంటుంది, ముందు ముందు ఎప్పుడైనా చలిజ్వరం, కామెర్లు కలిసి వస్తే ఆలస్యం చేయకుండా ఎవరు వైద్యం చేస్తే వాళ్లకి ఈ ఫిల్ము చూపించమన్నారు. జాగ్రత్తగా దాచుకోమని రెండుసార్లు చెప్పారు.

ఇవన్నీ నేనిప్పుడు వరసగా చెప్పగలుగుతున్నాను గాని, ఆరోజు సగమే విన్నాను. సంచి అన్న మాట చెవిన పడగానే నాలో ఉన్న రెండోవాడు కత కట్టడం మొదలెట్టేశాడు.

సాయంత్రం వరండాలో చుట్టుపక్కల వాళ్లంతా చేరాక చెప్పాను. పోర్టు గేటు దగ్గర కాపలావాళ్లు మన సంచులన్నీ తడిమి చూస్తారు కదా, మా బావకి మాత్రం ఎవడూ తడమలేని సంచి ఒకటి దేవుడు కుట్టి ఇచ్చాడని. ఓడల్లోంచి విదేశీ గడియారాలు మింగి, గేటు దాటాక కక్కుతున్నాడని. ఆ గడియారాల్లో ఒకటి లోపలే ఉండిపోయి టిక్కుటిక్కుమంటోందని, డాక్టరు స్టెతస్కోపు పెట్టి టైము చూసుకున్నాడని. బావ నొప్పి డొక్కని పట్టుకుని మరీ నవ్వాడు. ఎదురింటివాళ్లు వంగి ఆయన పొట్టకి చెవి ఆనించారు. ఆ రోజు నుంచి మా సెక్షన్‌లో ఏ కాగితం కనపడకపోయినా "మీ బావ సంచిలో సూడరా" అనడం రివాజైపోయింది.

సంచి సంగతి అందరికీ తెలిసింది. ఇంకో ఫోటో తీయించమన్నారని తప్ప, డాక్టరు చెప్పిన సంగతి ఎవరికీ తెలియలేదు.

రెండో ఫోటోలో రాళ్లు కనపడ్డాయి. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మొదటి ఫిల్ము ఇంట్లోనే ఉండిపోయింది, అది గ్యాసుకి తీయించింది కదా అంది మా అప్ప, నేనూ సరేనన్నాను. దానితో ఇచ్చిన ఇంగ్లీషు కాగితం సెలవు చీటీకి గుచ్చి ఆఫీసులో ఇచ్చాం, అది మళ్లీ రాలేదు. ఆపరేషన్ అయ్యాక సర్జన్‌గారు బయటికొచ్చి, సంచి మొత్తం తీసేశాం, రాళ్లన్నీ అందులోనే వచ్చేశాయి, ఇంక భయం లేదన్నారు. ఆయన చెప్పింది పిత్తాశయం గురించి, అదే పిత్తం సంచి. మాకు తెలిసింది ఒక్క సంచే. తీసేశారు, పీడా పోయింది. కతలు కట్టే నేను కూడా, లోపల రెండు సంచులు ఉండొచ్చన్న చిన్న కత మాత్రం కట్టలేకపోయాను.

రాళ్లను గాజుసీసాలో వేసి ఇచ్చారు. కందిగింజంతేసి, తేనెరంగులో, అంచులు చెక్కినట్టు. అప్ప సీసా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ఇవి లోపలికి ఎలా పోయాయని అడిగింది. నా నోరు ఊరుకోలేదు.

"ఎలాగేటప్పా, నువ్వు వండినవే. రేషను బియ్యం ఏరకుండా పోసీసినావు గదా ఇన్నాళ్లూ. బావ మంచోడు కాబట్టి బయటకి సెప్పకండా లోపల దాసినాడు."

వార్డులో అందరూ నవ్వారు. బావ కుట్లు పట్టేస్తుంటే నవ్వాపుకోలేక నన్ను తిట్టాడు. అప్ప నవ్వలేదు. బావ వాళ్లమ్మ ఆ మాటను అలాగే పట్టుకుంది. ఊరెళ్లి అందరికీ అదే చెప్పింది, కోడలు బియ్యం ఏరదని, అందుకే కొడుకు కడుపు కోశారని. నేను వేళాకోళమాడాను అని చెప్పి ఉండొచ్చు. చెప్పినా, అది మరో వేళాకోళం అనుకునేవాళ్లేమో. ఏదేమైనా చెప్పలేదు. అప్ప మరుసటి రోజు నుంచి వెలుతురు మొహాన చేట పెట్టుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఒకసారి ఏరినవి మళ్లీ ఏరేది.

ఆ తరవాత వచ్చింది సూర్యగ్రహణం. మా కాలం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఊరు ఊరంతా తలుపులు మూసుకుంది, మద్దిలపాలెం నుంచి బస్సులు ఖాళీగా వెళ్లాయి, గర్భిణీలు మంచాల మీంచి కదల్లేదు. మా పోర్టు కుర్రకారు మాత్రం చూసి తీరాలనుకున్నారు. ఉత్త కళ్లతో చూస్తే గుడ్డివాళ్లవుతారు, నల్ల ఫిల్ములోంచి చూడాలని ఎవరో అన్నారు. ఎక్స్‌రే ఫిల్ము ఎవరి దగ్గరుంది? మా దగ్గరుంది. సంచి ఎలాగూ తీసేశారు, సంచి బొమ్మతో ఏం పని?

పాత ఊళ్లో ఫోటోలకి ఫ్రేములు కట్టే సాయిబుగారు ఒకాయన నాకు స్నేహితుడు. కత్తెర పదునుగా ఉంటుందని ఫిల్ము ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పనికొచ్చే ఫోటో అయ్యుంటది భాయ్, దాచుకోరాదా" అన్నాడు. ఇందులో ఉన్న సరుకు ఎప్పుడో సీసాలోకి దిగిపోయిందని చెప్పాను. ఆయన నల్లటి భాగాలన్నీ నాలుగు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి ఇచ్చాడు. చివరికి మధ్యలో ఒక ముక్క మిగిలింది. బేరియం ఉన్న చోటు. నలుపు దాదాపు లేదు, వెలుతురు అలాగే దూసుకొస్తోంది. దాంట్లోంచి సూర్యుణ్ని చూస్తే కళ్లు పోతాయి. ఇదేం చేయమంటావని అడిగాడు. పారెయ్యమన్నాను.

గ్రహణం రోజున ఓడలు ఆగే బెర్తు మీద ముప్పయి మంది మా బావ కడుపులోంచి సూర్యుణ్ని చూశారు. ఎండ మధ్యాహ్నం పూటే మసకబారి, నీళ్ల మీద అదొక రకం బూడిదరంగు పడింది. కాకులు అరుస్తూ చెట్లకి చేరాయి. బావ కూడా తన ముక్క తను పట్టుకుని చూశాడు. ఆపరేషన్ తరవాత మనిషి బాగా తేరుకుని ఉన్నాడప్పుడు.

"ఒరే, నా పొట్టలో ఇంత సీకటి ఉందేటి?" అన్నాడు.

నేనేదో సమాధానం చెప్పాను. అందరూ నవ్వారు. ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన అడిగింది మాత్రం గుర్తుంది.

రెండేళ్లు గడిచాయి. ఒక వానాకాలం బావకి ఉన్నట్టుండి చలి పట్టుకుంది. పళ్లు టకటకలాడేంత చలి, ఆ వెనకే మంచం కాలిపోయేంత జ్వరం. మా ఊళ్లో చలిజ్వరమంటే మలేరియాయే కాబట్టి బిళ్లలు మింగించారు. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు బావ కళ్లలోకి చూశాను. గుడ్డు సొనలా ఉన్నాయి.

చలిజ్వరం, కామెర్లు. రెండూ కలిసి. ఆ క్షణం నా చెవిలో ఆ ఎక్స్‌రే డాక్టరుగారి గొంతు మొదటిసారి పూర్తిగా వినపడింది. పిత్తాశయం తీసేసినా ఈ సంచి ఇక్కడే ఉంటుంది. అయితే తీసింది వేరే సంచి. ద్రాక్షపండంత ఆ తెల్ల మచ్చ ఇంకా ఆయన లోపలే ఉంది.

అప్పతో చెప్పాను. బావకి ఇంకో సంచి ఉందని, దాని పక్క గొట్టంలో రాళ్లు కట్టుంటాయని, ఇది మామూలు కామెర్లు కాదని. చెబుతుంటే నా మాటలు నాకే నా కతలాగే వినపడ్డాయి. అప్ప వంటింట్లోంచి కదల్లేదు.

"సంచి కోసీసినారు గదరా. ఇంకెక్కడి సంచి? పెతీదానికీ కతేనా నీకు. మనిసి పడిపోయుంటే."

బావ వాళ్లమ్మ అప్పటికే నిశ్చయించేసింది. ఆనందపురం దాటాక ఒక ఊళ్లో కామెర్లకి ఆకు పసరు పోసేవాళ్లున్నారని బావని బస్సెక్కించి తీసుకెళ్లింది. ఉప్పు లేని చప్పిడి కూడు, పసరు, చేతి మీద చిన్న చురక. వారం రోజులు. మామూలు కామెర్లు ఎలాగూ వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పసరుకి మంచి పేరుండేది. నేను ఆ వారం రోజులు ఏం చేశానో చెప్తాను. సాక్ష్యం కోసం తిరిగాను. నా మాట చెల్లదు, ఫిల్ము చెల్లుతుంది. పాత ఊళ్లో క్లినిక్‌కి వెళ్తే తాళం వేసుంది. పెద్దాయన పోయి ఏడాదయిందట, కాగితాలు ఎవరు తీసుకెళ్లారో తెలియదట. అక్కణ్నించి సాయిబుగారి కొట్టుకి పరిగెత్తాను.

ఆయనకి ఆ తెల్ల ముక్క గుర్తుంది. పారేయలేదట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క నిమిషమే. ఆయన పని గురించి నాకు తెలియంది ఏమిటంటే, పాత ఎక్స్‌రే ఫిల్ముల్ని వేడినీళ్లలో బట్టల సోడా వేసి కడిగితే పైపూత ఊడిపోయి కింద గాజులాంటి రేకు మిగులుతుంది. చిన్న ఫోటోలకి గాజుకి బదులు అదే వేసేవాడు. నా ముక్కనీ అలాగే కడిగేశాడు. ఏదో చిన్న ఫ్రేముకి ముందు వేసి అమ్మేశాడు. విశాఖపట్నంలో ఎవరింట్లోనో, ఎవరి తాతగారి ఫోటో ముందో, మా బావ సంచి బొమ్మ ఉన్న రేకు సంచి బొమ్మ లేకుండా ఉంది.

ఆయన నా మొహం చూసి స్టూలు మీద కూర్చోబెట్టాడు. విషయమంతా విన్నాడు. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయనే. "నాకెందుకు చెప్తున్నావ్ భాయ్, డాక్టర్ దగ్గర చెప్పు" అన్నాడు. చెప్పినా నమ్మరని అన్నాను. "నమ్మేదాకా చెప్పు" అన్నాడు.

బావని ఆనందపురం వైపు నుంచి నేరుగా పెద్దాసుపత్రికి తెచ్చారు. అప్పటికి ఒళ్లు పసుపు ముద్దలా ఉంది. దురదకి గోళ్లతో గీరుకున్న చారలు. వార్డులో మమ్మల్ని చూసింది ఒక కుర్ర డాక్టరు, అప్పటికి రెండు రోజులై నిద్రపోనట్టున్నాడు. ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్ జరిగిందా అని అడిగాడు. సంచి తీసేశారని చెప్పింది మా అప్ప. అయితే రాళ్ల గొడవ లేదు, ఇది నీళ్ల వల్ల వచ్చే కామెర్లయ్యుంటుందని రాసుకోబోయాడు.

నేను ముందుకెళ్లి చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా కలపలేదు. ఎప్పుడు, ఏ క్లినిక్‌లో, ఏ చోట మచ్చ చూపించారు, ఏమన్నారు. ఫిల్ము ఏదని అడిగాడు. గ్రహణం చూడ్డానికి కోశామని చెప్పాను. ఆయన కలం ఆగింది. ఆ ముక్క ఎక్కడుందని అడిగాడు. కడిగి ఫోటో ఫ్రేముకి వేశారని చెప్పాను. అప్ప తల పక్కకి తిప్పుకుంది. అప్పుడు మంచం మీంచి బావ నవ్వాడు. ఓపిక లేని నవ్వు.

"డాక్టరు బాబూ, ఆడి మాట నమ్మకండి. లైట్‌హౌస్‌లో ఎద్దున్నాదని సెప్పినోడు ఆడే."

నన్ను సంతోషపెట్టాలని అన్నాడాయన. నేను మొహం వేలాడేసుకుని ఉన్నాను కదా, పాత మాట గుర్తు చేస్తే నవ్వుతాననుకున్నాడు. కుర్ర డాక్టరు కూడా నవ్వాడు. రాసుకునేది రాసుకుని పక్క మంచానికి వెళ్లిపోయాడు. సెలైను పెట్టారు, గ్లూకోజు పొడి కలిపి తాగమన్నారు.

మూడు రోజులు. నేను కనపడిన ప్రతి తెల్లకోటుకీ చెప్పాను. రెండో రోజుకి వార్డులో ఆయాలు నన్ను చూసి "సంచి బాబు వచ్చీసినాడు" అనుకోవడం వినపడింది. నాలుగో రోజు బావకి మాట తడబడింది. తను క్రేను మీదున్నానని, కింద ఎవరూ కనపడటం లేదని అన్నాడు. అప్పుడు పెద్ద సర్జన్ వచ్చి పొట్ట మీద చేయి వేసి చూసి, వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లమన్నారు.

అప్ప ఇంటికెళ్లింది, దేవుడి దగ్గర దీపం పెట్టి, మార్చుకోడానికి బట్టలు తెస్తానని. థియేటర్ తలుపు తెరుచుకునేసరికి బయట మళ్లీ నేనొక్కణ్నే. సర్జన్‌గారు చేతులు తుడుచుకుంటూ, గొట్టం నిండా ఇసుకలాంటి మట్టి, రాళ్లు, చీము అన్నారు. శుభ్రం చేశామన్నారు. తరవాత ఆగి, పేగు తెరిస్తే గొట్టం నోటి పక్కనే ఒక సంచి ఉంది, ఇది ఉందని ముందు ఎవరికైనా తెలుసా అని అడిగారు.

"నాకు తెలుసు బాబూ," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. కాగితమేదైనా ఉంటే బాగుండేదని మాత్రం అని వెళ్లిపోయారు. నన్ను నమ్మిన రెండో మనిషి ఆయన.

బావ మర్నాటి మధ్యాహ్నం పోయాడు. విషం రక్తంలో కలిసిపోయిందన్నారు. అప్ప బట్టల మూట ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది, ఎంతసేపటికీ దించలేదు.

ఆ తరవాత చాలా ఏళ్లకి, ఏదో పని మీద కలిసిన ఒక డాక్టరుగారికి ఇదంతా చెప్పి అడిగాను. ఫిల్ము ఉంటే బతికేవాడా అని. ఆయన మంచివాడు. ఏమో చెప్పలేం, ఫిల్ము లేకపోయినా ఆ జ్వరం, ఆ పసుపు చూసి అనుమానించాల్సింది, మీరేమో ఒక వారం ఆలస్యంగా వచ్చారు, పైగా ఆ చోట సంచి ఉన్నవాళ్లకి రాళ్లు మళ్లీ మళ్లీ కడుతూనే ఉంటాయి అన్నాడు. అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. కతల్లో అయితే ఇలాంటి చోట ఏదో ఒకటి తేల్చేసేవాణ్ని.

క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పటికి స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగుతున్నాయి. అప్ప కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర రెండు గదులు తీసుకుని ప్లాంటు పనివాళ్లకి మెస్సు పెట్టింది. బాగానే నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. వెల్డర్లు, ఫిట్టర్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆమె చేతి అన్నం గురించి గొప్పగా చెప్పుకుంటారు. అమ్మగారి మెస్సులో పంటికింద రాయి తగిలిందన్న మాట ఈ ఏడెనిమిదేళ్లలో లేదంటారు. ఎలా తగులుతుంది? పొద్దున పనివాళ్లు డ్యూటీకి పోగానే గుమ్మంలో ఎండకి ఎదురుగా కూర్చుని, మధ్యాహ్నం పొయ్యి అంటించేదాకా ఏరుతుంది. సాయంత్రానికి మళ్లీ. సాయానికి మనిషిని పెట్టుకోమంటే వినదు. చూపు తగ్గింది, కళ్లద్దాలు రెండుసార్లు మారాయి. ఏరిన రాళ్లను బావ రాళ్లు తెచ్చిన ఆ గాజుసీసాలోనే వేస్తుంది. నిండితే పారబోసి మళ్లీ మొదలుపెడుతుంది.

మొన్న వేసవిలో ఒక పొద్దున వెళ్లాను. ఎదురుగా కూర్చున్నాను. ఆమె వేళ్లు బియ్యంలో నడుస్తున్నాయి. మెడ మీద ఎండ పడుతోంది. నాకు నలభై ఎనిమిదేళ్లు, ఆమెకు యాభై నాలుగు, ఇంకెప్పుడు చెబుతాననిపించింది. చెప్పాను. అన్నంలో రాళ్లు పొట్టలో రాళ్లవవని, ఆ మాట నేను నోటిదూలకి అన్నదని. ఫిల్ములో సంచి సంగతి, ఎక్స్‌రే డాక్టరు నాకొక్కడికే చెప్పిన సంగతి, సగం వినకుండా కత కట్టుకున్న సంగతి. తెల్ల ముక్కని పారెయ్యమన్న సంగతి. ఆఖరికి సర్జన్‌గారు తలుపు దగ్గర నన్నడిగిన సంగతి.

"నీ వంటలో ఏటీ లేదప్పా. బావని నాను పోగొట్టినాను."

ఆమె తల ఎత్తలేదు. చేటని ఒకసారి ఎగరేసి, తవుడు ఊదింది.

"నాకోసరం అబద్దాలాడకురా తమ్ముడా," అంది. కోపంగా కాదు. చిన్నప్పుడు నా ముక్కు తుడిచినప్పటి గొంతుతో అంది. "అయినా ఈమాటు సరిగ్గా కట్టలేదు నువ్వు. పేగు పక్కన సంచేటి, దాని బొమ్మ కడిగీసి ఫొటోకి అద్దం సెయ్యడమేటి. ఇంతకన్నా బాగా కట్టీవోడివి గదా."

చెప్పడానికి ఇంకా ఏదైనా ఉందేమో అని వెతికాను. ప్రమాణం చేయొచ్చు. ప్రమాణాలు కూడా నేను ఇదివరకు చాలా చేశాను. ఎద్దు మీద కూడా చేశాను.

ఆమె చేటను నా వైపు కొంచెం జరిపింది, ఊరికే కూర్చునే బదులు ఏరమన్నట్టు. నేనూ కళ్లజోడు పెట్టుకున్నాను. ఇద్దరం చెరో పక్కనుంచి మధ్యకి ఏరుకుంటూ వచ్చాం. మంచి బియ్యం, సోనామసూరి, ఈ రోజుల్లో మిల్లులోనే అన్నీ పోతున్నాయి. చాలాసేపటిదాకా ఏమీ దొరకలేదు. తరవాత నా వేలికింద ఒక రాయి తగిలింది. తెల్లగా, గింజంతే ఉంది.

ఆమె చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాను.